ఫ్రీ యాప్ గారికి పర్లాకిమిడి నించి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఫ్రీ నోట్స్ యాప్ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఆ సంగతి మీకు ఉత్తరం రాసి చెప్పక్కర్లేదనుకోండి. మా కాంటాక్టులు, లొకేషన్, కెమెరా, మైకు అన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. వంకాయల ధర రాసుకోడానికి మైకు పర్మిషన్ ఎందుకని మా అమ్మకి అనుమానం. "ఏట్రా, వంకాయలు మాటాడతాయేటి?" అంది. ఆవిడకి జవాబు మీరే చెప్పాలి.

మిమ్మల్ని మా ఇంటికి తెచ్చింది విశాఖలో ఉండే మా బావ. దసరాకి ఒక యాప్, సంక్రాంతికి ఒక యాప్ చెప్పడం ఆయనకి అలవాటు. ఆయన సొంత కాగితాలు మాత్రం అక్క బీరువాలో పట్టుచీరల కింద ఉంటాయి. "ఫ్రీయే కదా, పోయేదేముంది" అన్నారు. బావమాట కాదనలేక ఎక్కించుకున్నాను.

మా కాగితాల సంగతి మీకు కొంచెం వివరంగా చెప్పాలి. మహేంద్రతనయ ఏటికి ఈ గట్టున ఒడిశాలో ఇల్లు, ఆ గట్టున ఆంధ్రలో పాతపట్నం మండలంలో పొలం. ఇంటి పట్టా ఒడియాలో, పొలం పాసుపుస్తకం తెలుగులో. ఇంటి స్థలం డెసిమల్స్‌లో, పొలం సెంట్లలో. రెండూ ఎకరంలో నూరో వంతే, కానీ ఆ మాట ఏ ఆఫీసులో చెప్పినా మనకేసి అదోలా చూస్తారు. ఇక్కడ పిన్‌కోడు 76తో మొదలవుతుంది, అక్కడ 53తో. మా నాన్నగారి ఇంటిపేరు ఒక కాగితంలో ముందుంటుంది, ఒకదాంట్లో వెనకుంటుంది, ఆధార్‌లో ఒంటి అక్షరమై నిలబడుతుంది. మీరేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లిచ్చి, రెండూ మీకు నచ్చినట్టు నింపకపోతే కింద ఎర్రగీత గీస్తారు. మూడు ఆఫీసుల గుమాస్తాలు కలిసి పెట్టలేని తిప్పలు మీరొక్కరే పెట్టారు.

తాతగారి తద్దినం మాఘ బహుళ పంచమి. "ప్రతి సంవత్సరం" అని నొక్కితే, మొదటేడు వచ్చిన ఇంగ్లీషు తారీకునే పట్టుకు కూర్చున్నారు. తిథి ఏడాదికి పదీ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుందనీ, అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ ముందుకొస్తుందనీ మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. పైగా మా నెల అమావాస్యతో ముగుస్తుంది, ఎదురింటి ఒడియా వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది. మాకు మాఘ బహుళ పంచమి అయిన రోజే వాళ్లకి ఫాల్గుణ కృష్ణ పంచమి. ఇదంతా మా పురోహితుడు గారు వేళ్ల మీద లెక్కగట్టి చెప్పి, సంభావన పుచ్చుకుని వెళ్తారు. మీరు తప్పుడు రోజున గంట కొట్టారు. పోనీలే అని "పూర్తయింది" నొక్కితే తెర నిండా రంగు కాగితాలు చల్లారు. తద్దినానికి రంగు కాగితాలు చల్లిన ఘనత ఈ రెండు రాష్ట్రాల్లో మీదొక్కరిదే.

ఇక సెర్చ్. దస్తావేజు నకలు డీటీపీ షాపులో అను ఫాంటుతో కొట్టించాం. అది తెర మీద తెలుగులా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి వేరే గుర్తులు, అందుకని ఎంత వెతికినా దొరకదు. తెలుగుకి, అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్‌లో 1991లోనే, మొదటి వెర్షన్‌లోనే చోటు దక్కింది. ఆ కబురు మా వీధి చివరి షాపుకి ఇంకా చేరలేదు. అది మీ నేరం కాదు, వదిలేస్తున్నాను. కానీ నా చేత్తో నేను యూనికోడ్‌లో కొట్టుకున్న "పాసుపుస్తకం" వెతికినా "ఫలితాలు లేవు, ప్రీమియం సెర్చ్ వాడి చూడండి" అంటారా? తెలుగులో రాసుకోడం ఫ్రీ, వెతుక్కోడానికి డబ్బులన్నమాట.

సరే, అన్నీ సర్దుకున్నాను. కరెంటు బిల్లులు, అమ్మ బీపీ మాత్రలు, సర్వే నంబర్లు, కౌలు లెక్క అన్నీ లోపలికి చేరాక, ఒక పొద్దున్న మీ నించి శుభవార్త: "మీ ఉచిత పరిమితి పూర్తయింది." ఈ పద్ధతి మీరు కనిపెట్టింది కాదని తెలుసు. 2023 చివర్లో మీలాంటి నోట్స్ యాప్ ఎవర్‌నోట్ కూడా ఉచిత ఖాతాలకి 50 నోట్లు, ఒక్క నోట్‌బుక్ అని గిరి గీసింది. ఉన్నవి చూసుకోవచ్చు, బయటకి తీసుకోవచ్చు అని మాత్రం చెప్పింది. ఆ మాట చెప్పేపాటి మర్యాదైనా మీ దగ్గర లేదు. ఈ బోర్డరు మీద వెనకటికి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులుండేవి. 2017లో జీఎస్టీ వచ్చి ఆ గేట్లు ఎత్తేస్తే అక్కడి వాళ్లంతా ఏమైపోయారా అనుకున్నాను. అందరూ మీ కంపెనీలో చేరారని ఇప్పుడు అర్థమైంది.

మీ ఎక్స్‌పోర్ట్ బటన్ దొరకడానికే చాలా ఓపిక కావాలి. సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్, దాని అడుగున, "ఖాతా తొలగించు" అనే ఎర్ర బటన్‌ని ఆనుకుని. వేలు ఒక్క గింజంత పక్కకి పోతే పదేళ్ల లెక్కలు గోవిందా. నొక్కితే ఒక జిప్ ఫైలు వచ్చింది. ఫైళ్ల పేర్లన్నీ అంకెలు. ఫొటోలన్నీ వేరే ఫోల్డర్లో, ఏది ఏ నోటుదో చెప్పే నాథుడు లేడు. సీఎస్‌వీ ఫైలుని, అంటే మామూలు అక్షరాల్లో వరసలుగా రాసిన పట్టికని, షాపులో తెరిస్తే తెలుగంతా నెత్తి మీద గీత ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ డిగ్రీ గుర్తులూ అయి కూర్చుంది. షాపు కుర్రాడు "ఫైలు చెడిపోయింది సార్, మళ్లీ టైప్ చెయ్యాలి, పేజీకి ఇంత" అని రేటు కూడా చెప్పేశాడు.

ఫైలు చెడిపోలేదు. ఇంటికొచ్చి, పత్రాలూ పట్టికలూ తెరిచే సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే, ముందు ఒక చిన్న పెట్టె వచ్చి అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయని అడిగింది. యూటీఎఫ్-8, అంటే యూనికోడ్ అక్షరాల్ని ఫైల్లో రాసే పద్ధతి, అని చూపించాను. నాన్నగారి పేరు, పొలం సర్వే నంబరు, పాలవాడి బాకీ వరసగా లేచి నిలబడ్డాయి. అదీ ఫ్రీయే, మీరూ ఫ్రీయే. 2010లో ఓపెన్‌ఆఫీస్ నించి విడిపోయి వేరు కాపురం పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. దాని ఓడీఎఫ్ ఫైలు పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ఆ పద్ధతి అందరి ముందూ రాసిపెట్టి ఉంది కనక రేపు దాన్ని చేసేవాళ్లు దుకాణం కట్టేసినా ఇంకొకరు ఆ ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్ రాసుకోవచ్చు. మీరు రేపు దుకాణం కట్టేస్తే మా కౌలు లెక్క ఎవరిని అడగాలి?

నోట్లకి ఇప్పుడు జోప్లిన్ అనే ఇంకో ఫ్రీ యాప్ వాడుతున్నాను. అందులో రాసుకున్నది మార్క్‌డౌన్, అంటే మామూలు అక్షరాలే, అక్కడక్కడ నక్షత్రాలు. ఎక్స్‌పోర్ట్ ఫైల్ మెనూలోనే ఉంది, దాక్కోలేదు. తిథి దానికీ తెలీదు, తెలుసని చెప్పుకోదు కూడా. సింక్ ఎక్కడ చేసుకోవాలో మనమే చూసుకోవాలి, అదొక తలనొప్పి. పాస్‌వర్డులకి కీపాస్ పెట్టుకున్నాను. అన్నీ తాళం వేసిన ఒక్క ఫైల్లో ఉంటాయి. మాస్టర్ పాస్‌వర్డు మర్చిపోతే బతిమాలుకోడానికి కస్టమర్ కేర్ అంటూ ఎవరూ లేరు. బావకి అది నచ్చలేదు. ఆయన పాస్‌వర్డులన్నీ గుర్తుంచుకునేది అక్కే.

1936 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నించి ఒడిశాలోకి వచ్చింది. ఊళ్లో ఎవరూ "ఐ అగ్రీ" నొక్కలేదు. మా ముత్తాతగారి మద్రాసు స్టాంపు కాగితం అమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. దొరలు పోయారు, జమీందారీ పోయింది, జిల్లా పేరు కూడా మారింది. కాగితం అంచులు చెదపురుగులు తిన్నాయి, మిగిలింది మాత్రం ఎవరైనా చదువుకోవచ్చు. అలాగని ట్రంకుపెట్టే గొప్పదని అననులెండి. అందులో ఒక కరెంటు రసీదు వెతకాలంటే ఇంటిల్లిపాదీ నేల మీద కూచోవాలి. నాకు రెండూ కావాలి, వెతుక్కునే వీలూ, మీరు లేకపోయినా చదువుకునే వీలూ. ఫ్రీగా ఆ రెండూ ఇచ్చేవాళ్లున్నారు కనకే మీకు ఈ ఉత్తరం.

నిన్న "ఖాతా తొలగించు" నొక్కాను. "ఎందుకు వెళ్లిపోతున్నారు? మేం చాలా మిస్సవుతాం" అని ఏడుపుగొట్టు బొమ్మ వచ్చింది. కారణాల్లో "ఇతరములు" ఎంచుకుంటే రెండు వాక్యాలకి సరిపడా గడి ఇచ్చారు. ఇవన్నీ అందులో పట్టవు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మన డేటా చెరిపించుకునే హక్కు రాసి ఉంది. ఈ ఉత్తరాన్ని దానికి దరఖాస్తుగా భావించండి.

మీ ఫిర్యాదుల ఫారంలో మాత్రం తెలుగు భాష ఎంచుకుంటే 76తో మొదలయ్యే పిన్‌కోడు చెల్లదంటోంది. చేసేది లేక పాతపట్నంది వేశాను. జవాబు పొలానికి వస్తుంది. మా కౌలురైతు సంతకం పెట్టి తీసుకుంటాడు, ఆయనకి చెప్పి ఉంచాను.

ఇట్లు,
మీ పరిమితి పూర్తయిన యూజర్