జనగణమనకు కుర్చీల చప్పుడు

మొన్న బరంపురంలో మన సంఘం హాల్లో ‘ఘాజీ’ సినిమా వేశారు. చివర్లో మన జలాంతర్గామి సిబ్బంది జాతీయగీతం ఎత్తుకోగానే ముందు వరుసలో నలుగురైదుగురు లేచి నిలబడ్డారు. వెనకవాళ్ళకు తెర కనిపించలేదు. “కూర్చోండి మాస్టారూ, సినిమా అది” అన్నారు ఎవరో. మాస్టారు కూర్చోలేదు. గీతం అయిపోయింది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది, గొడవ మాత్రం టీ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చి రాత్రి పదింటిదాకా సాగింది.

చట్టం సంగతి ఎప్పుడో తేలింది. కథలో భాగంగా గీతం వస్తే ప్రేక్షకులు లేవనక్కరలేదని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 14న చెప్పింది. ఈ సినిమా విడుదలైంది సరిగ్గా మూడు రోజుల తర్వాత. ఆ మాటే అన్నాను. “లేవనక్కరలేదని కదా బాబూ అన్నారు, లేవకూడదని కాదుగా” అన్నారు మాస్టారు. దానికి నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు. ఆయన మోకాళ్ళు, ఆయన ఇష్టం.

నా పేచీ సినిమాతో. పనితనంలో వంక పెట్టను. పాటల ఊసు లేకుండా తెలుగు ప్రేక్షకుణ్ణి రెండు గంటలు ఒక ఇనుప గొట్టంలో కూర్చోబెట్టడం చిన్న సాహసం కాదు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం ఊరికే రాలేదు. కానీ అసలు జరిగినదానితో పోలిస్తే ఈ కథ ఎంత చప్పగా ఉందో చూడండి.

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళ విశాఖ రేవు బయట ఘాజీ పేలిపోయింది. అది వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడం కోసం. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు వెళ్ళిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపింది. అంత పెద్ద నౌకకు సరిపడా కూరగాయలు, మాంసం కావాలని సరుకులు సరఫరా చేసేవాళ్ళకు ఆర్డర్లు కూడా వెళ్ళాయి, ఆ కబురు బజారులో పొక్కాలనే. మన నౌకాదళం చెప్పేది రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలకు, అంటే నీటి లోపల పేలే బాంబులకు, ఘాజీ మునిగిందని. పాకిస్తాన్ చెప్పేది లోపల జరిగిన పేలుడని, ప్రమాదమని. నీళ్ళ మీద తేలిన శిథిలాలు మొదట దొరికింది చేపలు పట్టేవాళ్ళకు. పోయినవాళ్ళు 90 మందికి పైనే.

సినిమాలో ఇవన్నీ పక్కకు తప్పుకున్నాయి. నీటి కింద రెండు జలాంతర్గాములు, ఇద్దరు కెప్టెన్లు, కోడిపందెం.

“కల్పన చేసుకోకూడదా?” అని మా సంఘం కుర్రవాడు నిలదీశాడు. ఎందుకు చేసుకోకూడదు? కానీ ఉన్నదానికంటే మంచిది కల్పించాలి. వంకాయల బుట్టలతో శత్రువును బోల్తా కొట్టించిన యుద్ధం మనది. దాన్ని తీసేసి అందరూ చేసే టార్పెడోల ఆట పెడితే దేశభక్తి పెరిగిందని ఎలా అనుకోను? పైగా అవతలి కెప్టెన్‌కు కోపం తప్ప మరో గుణం ఇవ్వలేదు. ఆయనా అదే మురికి గాలి పీలుస్తున్నాడు, ఆయన సిబ్బందికీ ఇళ్ళున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇవో జిమా దీవి కోసం జరిగిన పోరు మీద క్లింట్ ఈస్ట్‌వుడ్ 2006లోనే రెండు సినిమాలు తీశాడు, ఒకటి అమెరికా వైపు నుంచి, రెండోది జపాన్ వైపు నుంచి, జపాన్ భాషలోనే. దానివల్ల అమెరికా జెండా కిందికేమీ జారలేదు.

మా మేనమామ కొరాపుట్ జిల్లా సునాబేడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేశాడు. యుద్ధం సినిమా చూసి వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: “ఇంజను మోత బాగానే వినిపించారురా. బిగించినవాడు ఎక్కడా కనబడడే!” మన యుద్ధ చిత్రాల్లో దేశం చాలా ఇరుకుగా ఉంటుంది. ఒక హీరో, ఒక జెండా, ఇంటి దగ్గర ఎదురుచూసే ఒక తల్లి. అంతకుమించి ఎవరికీ చోటు దొరకదు. (ఇక్కడ గురజాడను పిలవను. ఆగస్టు 15కూ జనవరి 26కూ ఆయనను ఇప్పటికే చాలా అలసగొట్టాం.)

ఆ ఇరుకును కాస్త బద్దలు కొట్టిన తెలుగు సినిమా 2015లో వచ్చిన ‘కంచె’. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలో పోరాడుతున్న సైనికుడి ఊళ్ళో కులం కంచె వేసి ఉంటుంది. తుపాకీ పట్టుకున్నవాడిని వెనక్కి తిరిగి తన ఊరు చూసుకోమంటుంది ఆ సినిమా. యుద్ధ దృశ్యాలు అక్కడక్కడా నాటకీయంగా ఉన్నాయని ఒప్పుకుంటాను. అయినా ఈ రెంటిలో నా ఓటు దానికే.

ఇక గంజాం జిల్లాలో ఉన్నవాళ్ళం మరో మాట అడగాలి. ఇక్కడి గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళు ఎందరో. మనవాళ్ళను అక్కడ కొరంగీలనేవారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అరకాన్ దారిన, అస్సాం దారిన నడిచి వచ్చారు, దారిలో కలరాకూ ఆకలికీ ఎందరో రాలిపోయారు. మరుసటి ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మా తాతయ్య ఆ నడకలో వచ్చినవాడే. తుపాకీ ముట్టుకోలేదు, పతకం రాలేదు. ముసలితనంలో కూడా గోలబంధ వైపు సైనికుల ఫైరింగ్ ప్రాక్టీసు చప్పుడు వినబడితే తింటున్నవాడు లేచి గడప దాకా వెళ్ళి ఆకాశం చూసి వచ్చేవాడు. ఆ నడక మీద ఒక తెలుగు సినిమా చూడాలని నాకు ఆశ. దానికి యుద్ధనౌకల సెట్టు అక్కరలేదు, బోలెడంత బురద ఉంటే చాలు.

వచ్చే నెల ప్రదర్శనకు ‘కంచె’ పెట్టమని అడిగాను. కార్యదర్శి గారు పుస్తకంలో రాసుకుంటూ తలెత్తారు. “అందులో జాతీయగీతం ఉందా? ఉంటే చెప్పండి, మాస్టారిని ఈసారి వెనక వరుసలో కూర్చోబెడదాం.”