రోబో చేయి వణకదు సరే, కణాల సంగతేమిటి?

"కణాల మీద మందుల పరీక్షలను రోబోలకు అప్పగిస్తే తప్పులు మాయమవుతాయి, శాస్త్రవేత్తతో పని ఉండదు, మందులు పదింతలు వేగంగా వస్తాయి." ఈ మాట ఈమధ్య చాలామంది పంచుకుంటున్నారు. ఇందులో నిజం లేకపోలేదు, పావు వంతు ఉంది.

ముందు తప్పుల సంగతి. కణాలనూ మందునూ కలిపి పరీక్షించే 384 గుంటల ప్లేటులో అంచున ఉండేవి 76, అంటే దాదాపు ఐదో వంతు. ఒక్కో గుంటలో పట్టేది కొన్ని పదుల మైక్రోలీటర్లే. 37 డిగ్రీల వెచ్చదనంలో రెండు మూడు రోజులు ఉంచితే అంచు గుంటల్లో ద్రవం ముందుగా ఆవిరవుతుంది, లవణాల గాఢత పెరుగుతుంది, కణాలు నీరసిస్తాయి. చూసేవారికి మందు పనిచేసినట్టే ఉంటుంది! రోబో ఎంత కచ్చితంగా పోసినా ఈ ఆవిరి ఆగదు. అంచు గుంటల్లో పరీక్ష పెట్టకూడదని దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

ప్లేట్లలోకి పంచేందుకు తొట్టిలో పోసిన కణాలు కాసేపటికే అడుగుకు దిగుతాయి. చేత్తో పనిచేసేవారు అడుగున పేరుకున్న తెల్లటి మడ్డిని చూసి మళ్లీ కలుపుతారు. కలపమని ప్రోగ్రాంలో రాయకపోతే రోబో కలపదు. మొదటి ప్లేటుకూ చివరి ప్లేటుకూ కణాల లెక్క మారిపోతుంది. చేయి వణకడం తప్పిందని మురిసిపోతుండగా, అదే తప్పు వంద ప్లేట్లలో పొల్లు పోకుండా అచ్చవుతుంది.

పరీక్ష ఎంత నమ్మదగినదో చెప్పే జెడ్-ప్రైమ్ విలువ 0.5 దాటింది కదా, ఇక అనుమానమెందుకు అంటారు కొందరు. 1999లో ప్రతిపాదించిన ఈ కొలమానం మంచిదే. కానీ అది చూసేది మందు పనిచేసినట్టు, చేయనట్టు ముందే తెలిసిన గుంటల మధ్య ఎడాన్ని, వాటి విలువల చెదురును మాత్రమే. కణాలకు మైకోప్లాస్మా సోకిందో లేదో అది చెప్పదు. ఆ సూక్ష్మజీవి చేరినా ద్రవం మసకబారదు, మామూలు మైక్రోస్కోపుకూ చిక్కదు. విడిగా పరీక్షించి తేల్చాల్సిందే.

శాస్త్రవేత్త అక్కర్లేదా? మిణుగురు ఎంజైమ్ లూసిఫరేజ్ వెలుగును బట్టి జన్యువు మేల్కొందో లేదో చెప్పే పరీక్షలున్నాయి. కొన్ని పదార్థాలు నేరుగా ఆ ఎంజైమ్‌కే అతుక్కుని, అది త్వరగా విచ్ఛిన్నం కాకుండా కాపాడతాయి. ఎంజైమ్ పోగుపడి వెలుగు పెరుగుతుంది, జన్యువు మాత్రం నిద్రలోనే ఉంటుంది. ఇంకో రకం పరీక్షతో సరిచూడాలన్న అనుమానం యంత్రానికి దానంతట అది పుట్టదు.

వేగం మాట కొంత నిజం. లక్ష పదార్థాలను అంచు గుంటలు వదిలి ప్లేటుకు 300 చొప్పున వేసినా 334 ప్లేట్లవుతాయి. అన్నీ చేత్తో పోయమంటే అందరికంటే ముందు నేనే పారిపోతాను. రోబో ఆ పనిని రోజుల్లో ముగించగలదు. ఆ తర్వాత జంతువుల మీద, మనుషుల మీద జరిగే పరీక్షలకు మాత్రం ఎప్పటిలాగే ఏళ్లు పడతాయి.