ఒరిజినలే సామీ

చట్టం దృష్టిలో నా బండి ఇంకా వింటేజ్ కాలేదు, ఊరికే ముసలిదైంది. 2021లో కేంద్రం పెట్టిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటితేనే ఆ హోదా. నాది 1991 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. అంటే 2041 దాకా ఆగాలి. అప్పటికి బండి ఉంటుందనే నా నమ్మకం, నా మోకాళ్ల సంగతే అనుమానం. పైగా బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలట. ఆ పరీక్షలో నా బండి పాతికేళ్ల కిందటే తప్పింది.

దాని పాత యజమాని కనిగిరిలో రిటైరైన లెక్కల మాస్టారు. కొడుకు పోరు పడలేక దాన్ని డర్ట్ బైక్ చేయించారు. మడ్‌గార్డ్ పైకెక్కింది, హ్యాండిల్ వెడల్పైంది, గుబ్బల టైర్లు పడ్డాయి, వెనక చైను తిరిగే పళ్లచక్రం, అదే స్ప్రాకెట్, పళ్లెమంత అయింది, సైలెన్సర్ సీటు పక్కకు లేచి వీధివీధంతా నిద్ర లేపింది. బండి రూపం మారిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా అని 2019 సవరణలో ఉంది. పైన చెప్పినవి లెక్కపెట్టండి, అయిదు. బండి నేను కొన్నది 22 వేలకు. ప్రభుత్వం దృష్టిలో నా బండి విలువ నేనిచ్చిన దానికంటే ఎక్కువన్నమాట. ఈ గౌరవం నాకింకెక్కడా దక్కలేదు.

మాస్టారికి మెకానిక్‌ల మీద నమ్మకం లేదు. "మెకానిక్ దగ్గర వదిలిన బండీ, పెళ్లిలో వదిలిన చెప్పులూ ఒకటే నాయనా, మనవి మనకు రావు" అనేవారు. అందుకని స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించినట్టు, బండిలో ఊడదీయగలిగిన ప్రతి సామాను మీదా పంచ్‌తో చుక్కచుక్కగా 'క' అని కొట్టారు. క అంటే కనిగిరి. మడ్‌గార్డ్ మీద మొదటి 'క' కాస్త వంకర పోయిందని పక్కనే ఇంకోటి సరిగ్గా కొట్టారు. లెక్కల మాస్టారు కదా, కొట్టివేత కనపడినా పరవాలేదు, జవాబు మాత్రం సరిగ్గా ఉండాలి. డర్ట్ బైక్ చేసినప్పుడు ఊడదీసిన పాత సామానంతా గోతంలో కట్టి, "ఇది జాగ్రత్త" అని బండితో పాటే నాకిచ్చారు. నేను నెల్లూరు తెచ్చి మెట్ల కింద పడేశాను.

ఇంజన్ సంగతికొస్తే, మా మెకానిక్ స్టెతస్కోపు లేని డాక్టరు. స్క్రూడ్రైవర్ మొన సిలిండర్‌కు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "బండికేం కాలేదు సామీ, ఇంజనే పోయింది" అన్నాడు. ఆర్‌ఎక్స్ 100 సిలిండర్ అడ్డకొలత 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున బోరు పెంచి, ఆ సైజు పిస్టన్ వేస్తారు. మామూలుగా ఒక మిల్లీమీటరు దాకా లాగుతారు, ఆ తర్వాత లోపల కొత్త గొట్టం దించాల్సిందే, అదే స్లీవ్. నాది అప్పటికే మూడు బోర్లు చూసింది. ఈ మాట కనిగిరిలో చుట్టాలకు చెబితే "నీళ్లు పడినాయా?" అన్నారు. అక్కడ బోరు అంటే ఎంత లోతు అని అడుగుతారు మరి, ఎంత వెడల్పు అని అడిగేది నేనొక్కడినే. ఇంజన్‌కు ఆయిల్ అందించే పంపు కూడా నమ్మదగింది కాదని మెకానిక్ పీకేసి, లీటరు పెట్రోలుకు 40 మిల్లీ టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ బండ్ల ఆయిల్, కలుపుకోమన్నాడు. అప్పటినుంచి దగ్గుమందు మూతతో కొలిచి పోస్తున్నాను. ఇంట్లో ఎవరికి దగ్గు వచ్చినా ఇప్పుడు అంచనాగా తాగాల్సిందే.

తర్వాత నాకు బుద్ధి పుట్టింది, బండిని పాత రూపానికి తేవాలని. తప్పు. దానివల్లే 'ఒరిజినల్' అనే మాటతో పరిచయమైంది. ఈ మాటకు నిఘంటువులో ఒకటే అర్థం ఉండొచ్చు, స్పేర్ పార్టుల కొట్టులో మాత్రం కులాలున్నాయి. ఒరిజినల్ అంటే డూప్లికేట్. కంపెనీ ఒరిజినల్ అంటే కాస్త మంచి డూప్లికేట్. ఏ కంపెనీ అని అడగడం మర్యాద కాదు. ఫుల్ ఒరిజినల్ అంటే ఇంకెవరి బండిలోంచో ఊడదీసింది. ఆపైన జపాన్. 1996లో తయారీ ఆగిపోయిన బండికి నిన్న తయారైన జపాన్ సామాను ఎలా వచ్చిందని అడిగితే, "ఒరిజినలే సామీ, కావాలంటే తీసుకో" అంటారు. వాదనలో ఇంతకంటే గట్టి పాయింటు నేను కోర్టులో కూడా వినలేదు.

అప్పుడు గోతం గుర్తొచ్చి మెట్ల కిందకు పరిగెత్తాను. లేదు.

"ఆ తుక్కా? పాత ఇనుముకు ఉల్లిపాయలిస్తామని మైకులో అరుస్తా వచ్చినాడు. నాలుగు కేజీలిచ్చినాడు. తూకం బాగానే వేసినాడు" అంది మా ఆవిడ. అవును, ఆ వారమంతా పులుసులో ఉల్లిపాయలు ధారాళంగా పడటం నేనూ గమనించాను. మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత ఏడాదిపాటు సైలెన్సర్ కోసం తిరిగాను. ఒంగోలులో దొరకలేదు, కావలిలో దొరికింది గానీ మోత స్కూటర్‌లా ఉంది. చివరికి పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోయి, పాత బండ్ల సామాన్లమ్మే పుదుపేటలో దిగబడ్డాను. నాలుగు సందులు తిరిగాక ఒక కొట్టాయన అటక మీంచి సైలెన్సర్ దించి, గుడ్డతో తుడిచి నా ఒళ్లో పెట్టాడు. మా నెల్లూరు కంటే మంచి తెలుగు మాట్లాడాడు, చదవడమే రాదు.

"జపాన్ సార్. నాలుగున్నర వేలు. ఇదిగో, కింద జపాన్ అక్షరం కూడా ఉంది."

తిప్పి చూశాను. చుక్కచుక్కగా 'క'. తలకట్టు దగ్గర రెండు చుక్కలు అరిగిపోయాయి.

"ఒరిజినలేనా?" అని అడిగాను, గొంతు పెగుల్చుకుని.

"పిల్లల మీద ఒట్టు సార్."

ఈ వ్యాపారంలో నేను విన్న మొదటి నిజం అది. బేరం చేయబుద్ధి కాలేదు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఇదే అక్షరం ఉన్న మడ్‌గార్డ్ ఏమైనా ఉందా అని అడిగితే ఆయన మొహం వెలిగిపోయింది.

"ఉంది సార్. కానీ దానికి రేటెక్కువ. రెండు అక్షరాలున్నాయి, డబుల్ జపాన్."