వీసా అక్కర్లేదు, మర్యాద కావాలి

2023 నవంబరు నుంచి థాయ్‌లాండ్ వెళ్లాలంటే భారతీయులు ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేకుండా పోయింది. ఆ మరుసటి ఏడాదే మన దేశం నుంచి వెళ్లిన పర్యాటకుల సంఖ్య 20 లక్షలు దాటింది. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నేరుగా బ్యాంకాక్‌లో దిగొచ్చు. కొత్త జంటలు వెళ్తున్నారు, కాలేజీ స్నేహితులు వెళ్తున్నారు, టార్గెట్ పూర్తిచేశారని విత్తన, సిమెంటు కంపెనీలు తమ డీలర్లను గుంపులుగా పంపుతున్నాయి. వెళ్లడం మంచిదే. అయితే అక్కడ ఏం చేసినా అడిగేవాడు లేడన్న ప్రచారం మన ఊళ్లలో పాతుకుపోయింది. అది పచ్చి అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి వెళ్లినవాళ్లు జైళ్లు చూశారు. వాళ్లతో పాటు మన పరువూ పోయింది.

అన్నింటికంటే ముందు తెలుసుకోవాల్సింది రాజుగారి సంగతి. థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ ప్రకారం రాజును, రాణిని, యువరాజును అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు. విదేశీయులకు మినహాయింపు లేదు. రాజు చిత్రాలపై రంగు పూసిన స్విట్జర్లాండ్ దేశస్థుడికి 2007లో పదేళ్ల శిక్ష పడింది. రాజు క్షమాభిక్ష పెట్టబట్టి బయటపడ్డాడు. ముఖ్యమంత్రుల మీదా ప్రధానుల మీదా మీమ్స్ చేసి నవ్వుకోవడం మనకు అలవాటు. ఆ అలవాటును అక్కడికి తీసుకెళ్లకూడదు. అక్కడి కరెన్సీ అయిన బాత్ నోటు మీద రాజు బొమ్మ ఉంటుంది కాబట్టి, గాలికి ఎగిరిపోతున్న నోటును కాలితో తొక్కిపట్టినా అక్కడివాళ్లు నొచ్చుకుంటారు. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తుంది. చుట్టూ జనం ఆగి నిలబడితే మనమూ నిలబడాలి. సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందు రాజగీతానికీ అంతే.

ఇక ఆచారాల విషయానికొస్తే, థాయ్ పద్ధతులు తెలుగువాళ్లకు కొత్తగా నేర్పాల్సినవి కావు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగాం. పెద్దల ముందు కాళ్లు చాపుకొని కూర్చోకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాం. అక్కడా తల పవిత్రం, పాదం నీచం. ఎదుటివారి తల తాకకూడదు. ముద్దొచ్చినా సరే, పసిపిల్లల తల నిమరకపోవడమే మంచిది. బుద్ధుడి విగ్రహం వైపు కాళ్లు చాపకూడదు. మరకత బుద్ధుడి ఆలయంలో జనం కాళ్లు వెనక్కి మడుచుకొని కూర్చునేది అందుకే. ఆలయంలోకి వెళ్తూ చెప్పులు విడవాలి, గడప తొక్కకుండా దాటాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. షార్ట్స్‌తో వస్తే గ్రాండ్ ప్యాలెస్ గేటు దగ్గరే ఆపేస్తారు. బౌద్ధ భిక్షువులను స్త్రీలు తాకకూడదు. ఏదైనా ఇవ్వాలంటే చేతికి కాకుండా భిక్షువు పరిచిన గుడ్డ మీద పెడతారు. బ్యాంకాక్ ఎరవాన్ మందిరంలో పూజలందుకునేది చతుర్ముఖ బ్రహ్మ. మరకత బుద్ధుడి ఆలయం చుట్టూ గోడల మీద ఉన్నది వాళ్ల రామాయణమైన రామకియన్. ఇంత దగ్గరి సంస్కృతి ఉన్న చోటికి వెళ్లి విగ్రహం ఒడిలోకెక్కి సెల్ఫీలు దిగడం మాకు మింగుడుపడదు. 2017లో వాట్ అరుణ్ ఆలయం దగ్గర ప్యాంట్లు దించి ఫొటో దిగిన ఇద్దరు అమెరికన్లను పోలీసులు పట్టుకుని జరిమానా వేశారు. బుద్ధ విగ్రహాన్ని కొని దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి ఉండాలి.

చట్టాల్లో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది జూదం దగ్గర. పట్టాయా అంటే క్యాసినో అనుకుంటారు కానీ అక్కడ అనుమతి ఉన్న క్యాసినో ఒక్కటీ లేదు. 1935 నాటి చట్టం ప్రకారం 120కి మించి పేకముక్కలు దగ్గర ఉంచుకోవడమూ నేరమే. 2023 మే నెలలో పట్టాయాలోని ఒక హోటల్‌పై దాడి చేసి పోలీసులు 90 మందికి పైగా జూదరులను పట్టుకున్నారు. వారిలో అత్యధికులు భారతీయులు, అందులోనూ తెలుగువాళ్లు ఉన్నారు. వేప్‌ల (ఈ-సిగరెట్ల) దిగుమతి 2014 నుంచీ నిషేధం. గంజాయి విషయంలో 2022లో సడలింపు వచ్చిన మాట నిజమే కానీ 2025 జూన్ నుంచి డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అక్కడ దొరికింది కదా అని బ్యాగులో పెట్టుకొని వస్తే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటున్నారు, మన చట్టం కింద ఏళ్ల తరబడి జైలు.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా మరో మాట చెప్పక తప్పదు. కొందరు మగవాళ్లు థాయ్‌లాండ్ వెళ్తున్నది ఆడవాళ్ల కోసమే. ఆ దేశంలో వ్యభిచారాన్ని నిషేధించే 1996 నాటి చట్టం ఉంది. 18 ఏళ్లు నిండనివారి విషయంలో శిక్షలు మరీ కఠినం. చట్టం మాట పక్కన పెట్టినా, బీచ్‌లో నడిచివెళ్తున్న అమ్మాయిని అడక్కుండా వీడియో తీయడం, మసాజ్ చేసే మనిషితో వెకిలి మాటలాడటం, హోటల్ సర్వర్ మీద కేకలేయడం ఏ ఊరి మర్యాద? థాయ్‌లాండ్‌లో నలుగురిలో గొంతు పెంచితే ఎదుటివారి పరువు తీసినట్టే లెక్క. కోపం వచ్చినా నవ్వుతూ మాట్లాడటం వాళ్ల పెంపకం. ఆ నవ్వును అలుసుగా తీసుకునేవాళ్లను చూస్తే మాకు సిగ్గేస్తుంది.

ఈ బాధ్యత ప్రయాణికుడి ఒక్కడి నెత్తినే పెడితే సరిపోదు. ఫ్లైటు, హోటల్, ఫుకెట్ పడవ ప్రయాణం అన్నీ వివరంగా చెప్పే ట్రావెల్ ఏజెంట్లు 112వ సెక్షన్ గురించి ఒక్క ముక్క చెప్పరు. టికెట్‌తో పాటు ఈ నియమాలన్నీ తెలుగులో అచ్చువేసిన కాగితం ఒకటి ఇవ్వాలి. డీలర్లను పంపే కంపెనీలు బయలుదేరే ముందు గంటసేపు వాళ్లను కూర్చోబెట్టి ఈ విషయాలు చెప్పించాలి. తమ బృందంలో ఎవరైనా అక్కడ తప్పు చేస్తే మరుసటి ఏడాది టూర్ ఉండదని ముందే స్పష్టం చేయాలి. ఇబ్బంది ఎదురైతే గొడవకు దిగకుండా థాయ్ టూరిస్ట్ పోలీసులకు 1155 నంబరుకు ఫోన్ చేయాలన్న సంగతీ ఆ కాగితంలోనే ఉండాలి.