సరుకుల సంచితో ఇంటికి ఎంత దూరం?

ఒక వీధి నుంచి సూపర్‌మార్కెట్ ఎంత దూరంలో ఉందో పటం చూసి చెప్పడం తేలిక. ఒక చేతి సంచిలో పాల డబ్బాలు, మరో చేతి సంచిలో వారానికి సరిపడా కూరగాయలు, కొంగు పట్టుకుని నడిచే మూడేళ్ల పిల్ల ఉన్నప్పుడు అదే దూరం ఎంత అవుతుందో చెప్పే పటం మాత్రం సాధారణంగా ఏ నగరపాలక సంస్థ దగ్గరా ఉండదు. చిన్న నగరాల్లో కిరాణా సరుకుల అందుబాటు గురించి జరిగే చర్చ చాలావరకు మొదటి లెక్క చుట్టూనే తిరుగుతుంది. అందువల్లే పరిష్కారం అనగానే అందరి చూపూ ఒక పెద్ద దుకాణాన్ని రప్పించడం మీదికి పోతుంది. అది వచ్చేదాకా జనం ఎలా నెట్టుకురావాలి, వచ్చాక నిలవకపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నలు వెనకబడిపోతాయి.

‘ఫుడ్ డెజర్ట్’, అంటే ఆహార ఎడారి అనే మాట 1990ల తొలినాళ్లలో స్కాట్లాండ్ పశ్చిమ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ గృహసముదాయంలో ఉండేవారి నోట పుట్టిందని చెబుతారు. ఆ దశాబ్దం మధ్యకల్లా అది బ్రిటన్ ప్రభుత్వ పత్రాల్లోకి చేరింది. అమెరికాలో 2008 నాటి వ్యవసాయ చట్టం ఈ సమస్యను అధ్యయనం చేయమని అక్కడి వ్యవసాయ శాఖను ఆదేశించింది. మరుసటి ఏడాది వెలువడిన నివేదిక ప్రకారం, సూపర్‌మార్కెట్‌కు ఒక మైలు కంటే ఎక్కువ దూరంలో ఉంటూ సొంత వాహనం లేని కుటుంబాలు ఆ దేశంలో దాదాపు 23 లక్షలు. ఆదాయం తక్కువగా ఉన్న ఒక జనగణన ప్రాంతంలో కనీసం 500 మంది గాని, మూడోవంతు జనాభా గాని పట్టణాల్లో ఒక మైలు, గ్రామీణ ప్రాంతాల్లో 10 మైళ్లు దాటి వెళ్తే తప్ప పెద్ద దుకాణం దొరకని స్థితిలో ఉంటే ఆ ప్రాంతం ఈ కోవలోకి వస్తుందన్న కొలబద్ద ఆ తర్వాత ప్రచారంలోకి వచ్చింది.

ఈ కొలబద్ద వల్ల మేలు జరిగింది. అంతవరకు ఎవరికీ పట్టని వీధులు అధికారిక పటాలకు ఎక్కాయి. కానీ చిన్న నగరానికి ఇది సరిగ్గా అమరదు. ఈ లెక్కలోకి వచ్చే దుకాణం సాధారణంగా ఏడాదికి కనీసం 20 లక్షల డాలర్ల అమ్మకాలున్నదై ఉండాలి. మూలమీద తాజా పండ్లు, కూరగాయలు అమ్మే చిన్న అంగడి ఎంత బాగా నడుస్తున్నా లెక్కకు రాదు. మైలు దూరాన్ని గీత గీసినట్టు నేరుగా కొలుస్తారు కాబట్టి మధ్యలో రైలు పట్టాలున్నా, కాలిబాట లేని రహదారి ఉన్నా, నది ఉండి వంతెన రెండు కిలోమీటర్ల అవతల ఉన్నా పటానికి తెలియదు. బస్సుల తీరు కూడా వేరు. మహానగరంలో పది నిమిషాలకు ఒక బస్సు వస్తే, చిన్న నగరంలో గంటకు ఒకటి వస్తుంది, చీకటి పడకముందే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది, ఆదివారం అసలు రాకపోవచ్చు. పల్లెల కోసం పెట్టిన పథకాలకు ఈ ఊరు మరీ పెద్దది, గొలుసు దుకాణాల కంపెనీల కంటికి మరీ చిన్నది. ఆ కంపెనీలు స్థలం వెతికేటప్పుడు చుట్టుపక్కల ఎంత జనం, ఎంత ఆదాయం, ఎన్ని కార్లు అని చూస్తాయి. లెక్క కుదిరిన చోటు ఊరి నడిబొడ్డు కాదు, బైపాస్ రోడ్డు పక్కన పెద్ద పార్కింగ్ స్థలం దొరికే చోటు. అక్కడ దుకాణం తెరిచిన కొన్నాళ్లకు ఊళ్లోని పాత దుకాణం మూతపడుతుంది. కారు ఉన్నవారికి మరో ఐదు నిమిషాల ప్రయాణం అదనం. కారు లేనివారికి సగం రోజు పోతుంది.

ఇక్కడ పరిశోధకులు లేవనెత్తిన ఒక అభ్యంతరాన్ని దాటవేయడం న్యాయం కాదు. కొందరు ఆర్థికవేత్తలు అమెరికా కుటుంబాల కొనుగోళ్లను ఏళ్ల తరబడి పరిశీలించి 2019లో ప్రచురించిన విస్తృత అధ్యయనం, పేద, ధనిక కుటుంబాల పోషకాహారంలోని తేడాలో దాదాపు పదోవంతుకు మాత్రమే దుకాణాల అందుబాటు, ధరలు కారణమని తేల్చింది. ఫిలడెల్ఫియాలో ఒక కొత్త సూపర్‌మార్కెట్ వచ్చాక జరిపిన పరిశీలన ఫలితాలు 2014లో వచ్చాయి. సరుకులు దగ్గరలో దొరుకుతున్నాయన్న భావన స్థానికుల్లో పెరిగింది గాని, వారు తినే పండ్లు, కూరగాయల మోతాదులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అయితే ఇంతకాలం ఎడారి అంటూ చేసిన గోలంతా వృథాయేనా అని అడిగేవారికి ఈ ఫలితాలు మంచి ఆయుధాలు అయ్యాయి.

నా దృష్టిలో ఈ అధ్యయనాలు చెప్పే అసలు సంగతి మరొకటి ఉంది. కొత్త దుకాణంలో జనం పెట్టిన ఖర్చు చాలావరకు అంతకుముందు దూరపు సూపర్‌మార్కెట్లలో పెడుతున్నదే. అంటే వారు అప్పటికే ఎలాగోలా అంతదూరం వెళ్లి తెచ్చుకుంటున్నారు. పక్కింటివారి కారు ఎక్కి, బంధువును బతిమాలి, రెండు బస్సులు మారి తెచ్చుకుంటున్నారు. దుకాణం దగ్గరకు రావడంతో మిగిలింది వారి సమయం, వారి నడుము, ఇంకొకరిని ప్రతివారం అడగాల్సిన అవస్థ. ఇవి శరీర బరువు పట్టికల్లో కనిపించవు. వీధిదీపం వేసి, దాని కింద పిల్లలకు మార్కులు పెరిగాయా అని లెక్క చూసి, పెరగలేదు కాబట్టి దీపం అనవసరమని ఎవరూ తీర్మానించరు. సరుకుల దుకాణాన్ని మాత్రం జనం ఆహారపు అలవాట్లు మార్చే ఔషధంలా చూసి, మార్చలేదని తీసిపారేయడం అన్యాయం. అలవాట్లు మారడానికి ఆదాయం, ఖాళీ సమయం, వంటకు ఓపిక కావాలి. ఆ ఖాళీ సమయాన్ని కూడా మింగేస్తున్నది ఈ దూరమే.

దుకాణాన్ని రప్పించడమే పరిష్కారమని నమ్మేవారు ఫ్లోరిడాలోని బాల్డ్విన్ అనుభవాన్ని ఒకసారి చూడాలి. సుమారు 1,400 మంది జనాభా ఉన్న ఆ చిన్న పట్టణంలో ఉన్న ఒక్క సూపర్‌మార్కెట్ మూతపడటంతో 2019లో పట్టణ పాలకవర్గమే సొంతంగా దుకాణం తెరిచింది. ఆ నిర్ణయం వెనక ఉన్న చిత్తశుద్ధి మెచ్చుకోదగ్గదే. కానీ అది 2024లో మూతపడింది. ఒంటరి చిన్న దుకాణం ఎక్కడైనా ఎదుర్కొనే చిక్కు దానికీ తప్పలేదు. కిరాణా వ్యాపారంలో నికర లాభం సాధారణంగా నూటికి ఒకటి, రెండు రూపాయలకు మించదు. టోకు సరఫరాదారు ఇంత సరుకు కొంటేనే లారీ పంపుతానంటాడు. అంత కొంటే ఆకుకూరలు, పండ్లు అమ్ముడుపోకముందే వాడిపోతాయి, కొనకపోతే ధర ఎక్కువ పడుతుంది, ధర ఎక్కువైతే కారున్నవారు ఊరవతలి పెద్ద దుకాణానికి వెళ్తారు. మిగిలేది కారు లేని కొద్దిమంది. వారి కొనుగోళ్ల మీద ఫ్రీజర్ల కరెంటు బిల్లు కూడా గట్టెక్కదు.

అందుచేత నగరం చేయి పెట్టాల్సింది దుకాణం వెనక నడిచే సరఫరా మీద, దుకాణానికి వెళ్లే దారి మీద. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం ఇందుకు నాకు తోచే మంచి ఉదాహరణ. 1960లో దాదాపు రెండు లక్షల జనాభా ఉన్న ఆ కార్ఖానాల నగరంలో 2020 నాటికి సుమారు 81 వేల మంది మిగిలారు. జనంతోపాటు పెద్ద దుకాణాలూ తరలిపోయాయి. 2014లో అక్కడి రైతుబజారును ఊరి మధ్యకు, నగర బస్‌స్టేషన్ ఎదురుగా ఉన్న భవనంలోకి మార్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో తాగునీటిని ఫ్లింట్ నది నుంచి తీసుకోవడం మొదలై, పాత పైపుల్లోని సీసం కుళాయి నీళ్లలో కలిసిన విషాదం అందరికీ తెలిసిందే. పిల్లల ఒంట్లోకి సీసం ఇంకడాన్ని తగ్గించడంలో ఇనుము, క్యాల్షియం, సి విటమిన్ ఉన్న ఆహారం తోడ్పడుతుంది కాబట్టి ఆ ఊళ్లో తాజా ఆహారం అత్యవసరమైంది. మరుసటి ఏడాది పిల్లల వైద్యశాల ఒకటి అదే బజారు భవనం పై అంతస్తుకు మారింది. 2016 నుంచి అక్కడి వైద్యులు పిల్లలకు పండ్లు, కూరగాయల చీటీలు రాసివ్వసాగారు. బస్సు దిగిన తల్లి పైకి వెళ్లి బిడ్డను చూపించుకుని, చీటీ పట్టుకుని మెట్లు దిగి, కింద అంగట్లో పండ్లు తీసుకుని, ఎదుట నిలిచిన బస్సెక్కి ఇంటికి వెళ్లవచ్చు. ఫ్లింట్ కష్టాలు దీంతో తీరిపోలేదు. కానీ ఆ తల్లి మూడు ప్రయాణాలు ఒక్కటయ్యాయి.

సరఫరా సంగతికొస్తే, ఉత్తర డకోటాలోని వాల్ష్ కౌంటీలో కొన్ని చిన్న పట్టణాల దుకాణాలు ఒక సహకార ఏర్పాటు కింద కలిసి టోకున కొని, సరుకును తమలో తాము పంచుకునే పద్ధతి మొదలుపెట్టాయి. విడివిడిగా ఎవరికీ రాని ధర అందరికీ కలిపి వస్తుంది. పెద్ద కొనుగోలుదారుకు ఒక ధర, చిన్న కొనుగోలుదారుకు మరో ధర పెట్టే వివక్షను అరికట్టడానికి అమెరికాలో 1936లోనే రాబిన్సన్-ప్యాట్మన్ చట్టం తెచ్చారు. 1980ల నుంచి దాని అమలు దాదాపు పక్కకు పోయింది. చిన్న నగరాల్లో దుకాణాలు మూతపడటానికి కారణాలు వెతికేవారు జనం అభిరుచుల దగ్గరే ఆగకుండా ఈ టోకు ధరల దాకా వెళ్లాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మరో పద్ధతి. కొన్ని సూపర్‌మార్కెట్లు ఒక చోట మూసి వెళ్లిపోయేటప్పుడు ఆ స్థలంలో మరో ఆహార దుకాణం పెట్టకూడదని అమ్మకపు దస్తావేజులో షరతు రాయిస్తాయి. భవనం ఖాళీగా ఉంటుంది, అల్మరాలు అలాగే ఉంటాయి, చుట్టూ కొనే జనం ఉంటారు, తెరవడానికి మాత్రం ఏళ్ల తరబడి వీలుండదు. న్యూయార్క్‌కు చెందిన రైతు, ఉద్యమకారిణి కరెన్ వాషింగ్టన్ ‘ఎడారి’ అనే మాటనే ఒప్పుకోరు. ఎడారి ప్రకృతి చేసినది, ఇది మనుషులు చేసిన వివక్ష అంటారు. ఆ దస్తావేజు షరతు గురించి తెలిశాక ఆమెతో విభేదించడం కష్టం. ఇలాంటి షరతులు చెల్లవని చట్టం చేయడానికి ఏ ఖజానా నుంచీ పైసా తీయనక్కర లేదు.

బస్సు వేళలు మార్చడానికీ పెద్ద ఖర్చు ఉండదు, ఎక్కడ మార్చాలో తెలిస్తే చాలు. అది తెలుసుకోవడానికి నగర అధికారులు ఒక శనివారం సాయంత్రం ఊరవతలి సూపర్‌మార్కెట్ ముందున్న బస్‌స్టాప్‌లో నిలబడి, సంచులతో ఎదురుచూస్తున్నవారిని మూడు విషయాలు అడగవచ్చు: ఇంటి నుంచి ఎన్ని గంటలకు బయలుదేరారు, ఎన్ని బస్సులు మారారు, కొనాలని వచ్చి మోయలేమని లోపలే వదిలేసిన వస్తువు ఏది.