నూటపది బై డెబ్బై

మా వైపు ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు బీపీ 110/70 ఉంటుంది. అందరికీ అంతే. తొలిచూలు పిల్లకూ అంతే, మూడో కాన్పు తల్లికీ అంతే. పొద్దున్నే పత్తి చేలో వంగి వచ్చినామెకూ, ఆటోలో పది మంది మధ్య ఇరుక్కుని వచ్చినామెకూ అంతే. ఇది గాలి మాట కాదు. మా అన్న కోడల్ని చెకప్‌కు తీసుకుపోయినప్పుడు రిజిస్టరు నా ముందే తెరిచి ఉంది. నాకు తలకిందులుగా ఉన్నా పేజీ మొత్తం చదివాను. ఆ గడి పొడుగునా ఒకటే అంకె, తాడు కట్టి నాటు వేసినట్టు వరస తప్పకుండా ఉంది. ఊళ్ళు వేరు, తండాలు వేరు, కులాలు వేరు. బీపీ దగ్గర మాత్రం అందరూ ఒక్కటే.

ఏ దవాఖానో చెప్పను. చెబితే వాళ్ళకు మీటింగు పడుతుంది. మీటింగు పడితే తాళంచెవి పోతుంది. ఆ తాళంచెవి సంగతి కాసేపాగి చెప్తాను.

ప్రతి నెలా 9వ తారీకు గర్భిణుల రోజు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన పథకం. నాలుగో నెలలో పడ్డ వాళ్ళందరినీ ఆ రోజు డాక్టరే చూడాలి, రక్తం, మూత్రం, బీపీ అన్నీ ఆ రోజే చూడాలి, డబ్బులు తీసుకోకూడదు. ఆలోచన బంగారం. కాకపోతే తొమ్మిదో తారీకు ఒకటే, బెంచీ ఒకటే. కాళ్ళ వాపులు, కండ్ల మసకలు 9వ తారీకునే రావాలని మన ఆడవాళ్ళ ఒంటికి ఇంకా అలవాటు కాలేదు. కొందరికి 14న వస్తున్నాయి. ఒంటికి క్రమశిక్షణ నేర్పే పథకం ఏదైనా పెడితే బాగుంటుంది.

మూడు గంటలు కూర్చున్నాం. మా కోడలు లోపల ఉన్నది మూడు నిమిషాలు. అందులో ఒక నిమిషం చెప్పులు విప్పి బరువు మిషను ఎక్కడానికి పోయింది. ఎవరూ ఎక్కకముందే మూడు కిలోలు చూపించే మిషను అది. సిస్టరమ్మ "ఏమన్న ఇబ్బందున్నదా బిడ్డా?" అని అడిగింది, కానీ చూపు అప్పటికే తర్వాతి కార్డు మీద ఉంది.

"నెత్తి నొస్తున్నది మేడం, వారం సంది."

"ఎండలకు నొస్తది. నీళ్ళు మంచిగ తాగు."

బీపీ పట్టీ బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు ఉంది. పెన్ను మాత్రం ఆగలేదు. 110/70.

నేను సిస్టర్లను తప్పుపట్టడం లేదు. ఆమెకున్నవి రెండు చేతులు. ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో ట్యాబు. రిజిస్టరులో రాసిందే ట్యాబులో ఎక్కించాలి, ట్యాబులో ఎక్కించిందే మళ్ళీ కార్డులో రాయాలి. బీపీ పట్టీ కట్టాలంటే మూడో చెయ్యి కావాలి, ఆ పోస్టు మంజూరు కాలేదు. పైగా బీపీ చూడలేదని ఆమెను ఎవరూ అడగరు. గడి ఖాళీగా ఉంటే అడుగుతారు.

ఇప్పుడు మూత్రం. కడుపుతో ఉన్నామె మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పడుతోందంటే, దానికి తోడు బీపీ పెరిగిందంటే, గుర్రపువాతం, అంటే ఫిట్స్ దాకా పోయే ప్రమాదం ఉందని అర్థం. చిన్న పట్టీ మూత్రంలో ముంచితే రంగు మారుతుంది, నిమిషం పని. డబ్బా చేతిలో పెట్టి "పట్టుకరా" అన్నారు. ఎక్కడ పట్టాలి? బాత్రూముకు తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఆయన జిల్లాలో మీటింగుకు పోయాడు. మీటింగు దేని గురించి అని అటెండరును అడిగాను. "గర్భిణుల సేవల నాణ్యత మీద సారూ" అన్నాడు. పిల్ల ఖాళీ డబ్బాతో తిరిగొచ్చింది. గడిలో "నిల్" అని రాశారు. అబద్ధం అనలేం, డబ్బాలో నిజంగానే ఏమీ లేదు.

హిమోగ్లోబిన్ కథలో ఇంకొంచెం తెలివి ఉంది. 11 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే తీవ్రం. మన తెలంగాణలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువే అని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆరున్నర అని రాశారనుకోండి, ఆమెను పెద్ద దవాఖానకు పంపాలి, పోయిందో లేదో చూడాలి, పోకపోతే ఇంటికి వెళ్ళి అత్తను ఒప్పించాలి, రక్తం ఎక్కించారో లేదో పైవాళ్ళకు జవాబు చెప్పాలి. తొమ్మిది అని రాస్తే గోలీలతో సరిపోతుంది. అందుకే మా వైపు రక్తం తొమ్మిది దగ్గర వచ్చి ఆగుతుంది. ఏడు దాకా దిగే ధైర్యం చేయదు.

గోలీలు మాత్రం లోటు లేకుండా ఇస్తారు. ఐరన్ గోలీలు రోజుకొకటి, కనీసం 180 రోజులు. క్యాల్షియం వేరే. ఈ రెండూ ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు, టీతో మింగినా అంతే. ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం చాలు, కానీ ఆ అర నిమిషానికి రిజిస్టరులో గడి లేదు. మా కోడలు బయటికొచ్చి రెండూ కలిపి టీతోనే మింగబోయింది. పక్కనున్న ఆశా అక్క చెయ్యి పట్టుకోకపోతే అయిపోయేదే. ఇక ఊళ్ళో ఏమంటారంటే, ఆ గోలీలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది, లేదా బాగా లావై ఆపరేషన్ అవుతుంది. దొడ్డికి నల్లగా వస్తుందని ముందే చెప్పరు కాబట్టి, వచ్చిన రోజున అత్త చెప్పిందే నిజమని తేలిపోతుంది. ఆ తర్వాత గోలీలు పెంటకుప్పకు పోతాయి. మా ఊరి కోళ్ళకు రక్తహీనత లేదు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అప్పటిదాకా నాలుగు సార్లు చూస్తే చాలన్న మాట మార్చి, ఎనిమిది సార్లు చూడాలంది. వాటిని 'విజిట్' అనొద్దు, 'కాంటాక్ట్' అనండి అని కూడా చెప్పింది. వచ్చి పోవడం కాదు, మాట్లాడాలి, వినాలి, మనిషికి మనిషికి మధ్య ఏదో జరగాలి అని వాళ్ళ ఉద్దేశం. మా దగ్గర కాంటాక్ట్ ఎప్పుడో పూర్తయింది. పేరు పక్కనే పది అంకెలు రాసి ఉన్నాయి. ఫోను మొగుడి దగ్గర ఉంటుంది, మొగుడు హైదరాబాదులో లారీ మీద ఉంటాడు. "మీరు ఏడో నెల చెకప్‌కు రావాలి" అని మెసేజి వస్తే చదివేది వాడే.

పాలమూరు వైపు సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చాక మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ముంబైకో పుణెకో బస్సెక్కుతారు. కార్డు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. అక్కడి దవాఖానకు ఈమె ఎవరో తెలియదు. ఇక్కడి రిజిస్టరుకు ఈమె లేదని తెలియదు. మనిషి పోయినా రిజిస్టరులో కడుపు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది, బీపీ చెక్కుచెదరదు. నల్లమల అడవి లోపలి పెంటల్లో, అంటే గూడేల్లో, ఉండే చెంచు ఆడబిడ్డకైతే ఈ బాధ కూడా లేదు, అక్కడికి బండే పోదు.

ఒక మాట వెటకారం పక్కన పెట్టి చెప్పాలి. పుట్టిన ప్రతి లక్ష మంది పిల్లలకు 2011–13లో ఉమ్మడి రాష్ట్రంలో 92 మంది తల్లులు పోయేవారు. 2018–20 నాటికి తెలంగాణలో అది 43కు దిగింది. వంద కాన్పుల్లో 97 దవాఖానల్లోనే అవుతున్నాయి. మా అమ్మ నన్ను మంత్రసాని చేతుల్లో, వానకు కారే పెంకుటింట్లో కన్నది. 102 బండ్లు, 2017లో వచ్చిన కేసీఆర్ కిట్టు, ఆడపిల్లయితే 13 వేలు, మగపిల్లాడైతే 12 వేలు, ఎండలో తిరిగే ఆశాలు, ఇవన్నీ కలిసి ఆడవాళ్ళను గడప దాకా తెచ్చాయి. గడప లోపల ఏం జరుగుతోందన్నదే నా చాదస్తం.

చాదస్తం అని ఎందుకంటున్నానంటే, మనకు కొలతలు చేతకాక కాదు. రాష్ట్రంలో వందకు 60 కాన్పులు ఆపరేషన్లే అని ఆ 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. వాటిలో ముహూర్తం పెట్టించుకుని చేయించుకునేవాళ్ళూ ఉన్నారు. పంతులుగారు ఉదయం 10 గంటల 42 నిమిషాలు అంటే డాక్టరు 10:42కే బిడ్డను తీస్తాడు. నక్షత్రాన్ని నిమిషాలతో సహా కొలిచే జాతి మనది. బీపీకే చెయ్యి రాదు.

మరుసటి నెల 9వ తారీకుకు ఒక చిన్న సిస్టరు కొత్తగా వచ్చింది. పని ఇంకా నేర్చుకోలేదు పాపం, టీ గ్లాసు తీసి పక్కన పెట్టి, పట్టీ నిజంగానే కట్టింది. 150/100 వచ్చింది. నమ్మలేక, మా కోడల్ని కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ కట్టింది. అంతే వచ్చింది. గదిలో అందరూ మా పిల్లను దొంగను చూసినట్టు చూశారు. పెద్ద సిస్టరు "ఆ మిషన్ల ఏదో తేడా ఉన్నదమ్మా" అంది. చిన్న సిస్టరు తాళంచెవి అడగలేదు. డబ్బా ఇచ్చి దవాఖాన పక్కింటికి పంపింది. పట్టీ ముంచితే రంగు మారింది.

"నెత్తి ఎప్పటి సంది నొస్తున్నది అక్కా?"

"పోయిన నెల చెప్పిన గదమ్మా."

108 వచ్చింది. జిల్లా పెద్ద దవాఖానలో పన్నెండు రోజులు ఉంచుకున్నారు, మందులు పెట్టారు, కాన్పు చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఈ మిషను సరైనదే, నేనే ముందు ఖాళీగా చూశాను.

తర్వాత కార్డు మీద సంతకానికి మా దవాఖానకు పోతే, ఆ రోజే పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి ఉన్నాడు. రిజిస్టరు తిప్పుతున్నాడు. పేజీలన్నీ నీలం ఇంకుతో ముచ్చటగా ఉన్నాయి. మా కోడలి వరుస దగ్గర మాత్రం ఎర్ర ఇంకు, కొట్టివేత, మళ్ళీ రాసిన అంకె, పక్కన ఇరికించిన రెండు ముక్కలు. ఆయన అక్కడ వేలు పెట్టి, కళ్ళజోడు పైకెత్తి, చిన్న సిస్టరు వైపు చూశాడు.

"ఇదొక్కటే ఎందుకిట్ల ఖరాబు చేసినవమ్మా?"