ఉల్లిరసం చుక్కలకు శుక్లం కరగదు, ఆ మెసేజ్ ఇక ఆపండి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది ఆరోసారి. స్కూల్ ఫ్రెండ్స్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, మిగతావి చుట్టాలు ప్రేమగా విడివిడిగా పంపినవి. ఇంకా చూడని అదృష్టవంతుల కోసం క్లుప్తంగా: ఉల్లిపాయ రసం, అల్లం రసం, నిమ్మరసం, తేనె కలిపి (కొలతలు నేను రాయను, ఎవరో ఒకరు చేసి చూస్తారు) పొద్దునా రాత్రీ కంట్లో చుక్కలు వేసుకుంటే మూడు నెలల్లో శుక్లం కరిగి కన్నీళ్లతో పాటు బయటికి వచ్చేస్తుందట. మండితే భయపడొద్దట, మంట అంటే మందు పని చేస్తున్నట్టేనట, వారం తిరిగేసరికి అదే తగ్గుతుందట. ఆపరేషన్‌లో పెట్టే ప్లాస్టిక్ లెన్స్ కొన్నేళ్లకు కుళ్లిపోతుందట, శుక్లం మళ్లీ వస్తుందట. చుక్కలతో శుక్లం కరుగుతుందని అమెరికా సైంటిస్టులు కూడా నిరూపించారట, డాక్టర్లేమో ఈ రహస్యాన్ని దాచిపెట్టారట. పది మందికి పంపితే పుణ్యమట.

ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి, "ఒరే, బాగా మండుతోందిరా, అంటే పని చేస్తున్నట్టే కదా?" అంది. అందుకే ఈ రాత.

ముందు తేలికవి. లెన్స్ కుళ్లడం: 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టర్ మొదటిసారి కంట్లో కృత్రిమ లెన్స్ పెట్టాడు. యుద్ధంలో విమానాల కిటికీలు పగిలి పైలట్ల కళ్లలో దిగిన యాక్రిలిక్ ముక్కలు ఏళ్ల తరబడి అలాగే ఉన్నా కన్ను వాటిని పట్టించుకోకపోవడం చూసే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. కుళ్లడానికి అదేం అరటిపండు కాదు. డాక్టర్లు రహస్యం దాచడం: 1976 నుంచి మన ప్రభుత్వం అంధత్వ నివారణ కార్యక్రమం పెట్టి శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేయిస్తోంది. ఉల్లిపాయలతో అయ్యే పనికి ఇన్నేళ్లు డబ్బు పోస్తూ కూర్చునే ఆర్థిక శాఖ ఎక్కడైనా ఉంటుందా?

మళ్లీ వస్తుందన్న మాటలో మాత్రం పిసరంత నిజం ఉంది. శుక్లం మళ్లీ రాదు గానీ, కొంతమందికి కొత్త లెన్స్ వెనకున్న పల్చటి పొర మసకబారుతుంది. నొప్పి లేకుండా కొద్ది నిమిషాల లేజర్‌తో దాన్ని సరిచేస్తారు.

ఇక కరగడం సంగతి. శుక్లం కంట్లో పేరుకున్న మురికి అనుకోవడం దగ్గరే ఈ మెసేజ్ తప్పటడుగు వేసింది. శుక్లం అంటే మన కంట్లో పుట్టుకతో ఉన్న లెన్సే మసకబారడం. ఆ లెన్స్ బరువులో దాదాపు మూడో వంతు ప్రొటీనే, అందులో ఎక్కువ భాగం క్రిస్టలిన్లనే రకం. వెలుగుకు అడ్డు రాకూడదని లెన్స్‌లో రక్తనాళాలు ఉండవు, లోపలి కణాలైతే తమ కేంద్రకాన్ని కూడా వదిలేసుకుంటాయి, అంచేత అక్కడ పాడైన ప్రొటీన్ స్థానంలో కొత్తది తయారయ్యే దారే లేదు. పెద్దమ్మకు డెబ్భై ఒకటి. ఆవిడ లెన్స్ నడిమధ్యలో ఉన్న ప్రొటీన్ ఆవిడ వాళ్లమ్మ కడుపులో ఉండగా తయారైంది. అన్నేళ్లు అది చెడకుండా కాపలా కాసేది ఆల్ఫా క్రిస్టలిన్. మడత విప్పుకుంటున్న ప్రొటీన్లను పట్టుకుని, ముద్ద కట్టకుండా చూడటం దాని పని. ఈ సంగతి 1992లో బయటపడింది, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో దీనిమీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఆ కాపలాదారుకూ వయసు మీద పడుతుంది కదా, అప్పుడు ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని తెల్లబడతాయి. ఉడికిన గుడ్డు తెల్లసొనలాగా.

ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగా అవుతుందా అంటే, నిజాయతీగా ఒప్పుకోవాలి, ఒకసారి అయింది. 2015లో కాలిఫోర్నియాలోని అర్వైన్ యూనివర్సిటీ, ఆస్ట్రేలియా కెమిస్టులు కలిసి ఇరవై నిమిషాలు ఉడికించిన తెల్లసొనలోంచి ఒక ప్రొటీన్‌ను తిరిగి పనిచేసే రూపానికి తెచ్చారు. ఎలాగంటే యూరియాలో కరిగించి, ఒక యంత్రంలో వేసి గిరగిరా తిప్పి. అవును, మనం పొలాల్లో చల్లే ఆ యూరియానే. దయచేసి రేపు దీనిమీద కొత్త మెసేజ్ మొదలుపెట్టకండి.

పైగా కరిగిందే అనుకుందాం, బయటికి ఎటునుంచి వస్తుంది? కన్నీళ్లు తిరిగేది కంటి పైపొర మీద. లెన్స్ ఉండేది కంటిపాప వెనక, అన్ని వైపులా మూసి ఉన్న సంచిలో. వంటింట్లో పాలు పొంగితే వీధి అరుగు కడిగినట్టుంది వ్యవహారం.

అమెరికా సైంటిస్టులు చెప్పింది మరొకటి. లానోస్టెరాల్ అనే పదార్థం కుక్కల్లో శుక్లాన్ని తగ్గించిందని 2015 జులైలో నేచర్ పత్రికలో వచ్చింది. చుక్కలొక్కటే కాదు, కంట్లోకి ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. అదే ఏడాది మన దేశంలో డాక్టర్లు ఆపరేషన్‌లో తీసిన మనుషుల శుక్లాలను లానోస్టెరాల్ ద్రావణంలో ఆరు రోజులు నానబెట్టి చూశారు. ఏ మార్పూ లేదు. నానేసినా కరగనిది రెండు చుక్కలకు కరుగుతుందా? అసలు ఈ కథలో ఉల్లిపాయ ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే సంతోషిస్తాను.

వంటింటి వస్తువులంటే నాకు చులకన అనుకోకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు షుగర్ తెప్పించిన ఎలుకలకు మేతలో పసుపు కలిపి పెడితే శుక్లం ముదరడం నెమ్మదించిందని 2005లో ప్రచురించారు. మంచి పని, నాకు గౌరవం ఉంది. కాకపోతే నెమ్మదించింది, మాయమవలేదు. మేతలో పెట్టారు, కంట్లో పోయలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదమైన ముక్క: "మంట అంటే పని చేస్తున్నట్టే". ఇది రాసినవాడు ఎవరో గానీ, నాకు ఎదురుపడితే బాగుండును.

మంట తెలిసేది కార్నియాలో, అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పొరలో. అక్కడ నొప్పి తెలిపే నరాల కొసలు చర్మంలో కంటే కొన్ని వందల రెట్లు దట్టంగా ఉంటాయి, అందుకే చిన్న నలుసు పడితే ప్రాణం పోయినట్టుంటుంది. లెన్స్‌లో ఒక్క నరం కూడా లేదు. ఇంకా విచిత్రం చెప్పనా? గుడ్డులో పెరిగే కోడిపిల్ల పిండంలో ఈ నరాలు ఐదో రోజుకే కార్నియా అంచుకు చేరతాయి, కానీ లోపలికి పోకుండా చుట్టూ వలయంలా తిరుగుతూ నాలుగైదు రోజులు గుమ్మం దగ్గరే ఆగుతాయి. ఆపేది ఎవరనుకున్నారు, లెన్సే. అది వదిలే సెమాఫోరిన్ అనే ప్రొటీన్ నరాలను దూరంగా తోస్తుంది. లెన్స్‌ను ముందే తీసేస్తే నరాలు వేళ కాకముందే అడ్డదిడ్డంగా చొరబడ్డాయని 2007లో అమెరికాలో చూపించారు. పుట్టకముందే నరాలను దగ్గరికి రానివ్వని లెన్స్, డెబ్భై ఏళ్లు దాటాక "నేను కరుగుతున్నాను" అని పెద్దమ్మకు మంట ద్వారా కబురు పంపుతుందా?

మరి మంట ఎందుకంటే, ఉల్లిపాయ కోసినప్పుడు దాని ఎంజైమ్‌లు గంధకంతో కూడిన ఒక ఘాటు పదార్థాన్ని తయారుచేస్తాయి, అది తగలగానే నరాలు కేకపెడతాయి, కన్ను నీళ్లు కార్చి కడిగేసుకుంటుంది. ఆరడుగుల దూరంలో ఎవరో ఉల్లిపాయ తరిగితేనే ఏడ్చేవాళ్లం, నేరుగా కంట్లో పిండుకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందులో నిమ్మరసం, అంటే ఆమ్లం. పైగా వంటగదిలో కలిపి రోజుల తరబడి వాడే సీసా, అందులో పెరిగే క్రిములు.

వారానికి మంట తగ్గడం ఇంకా భయపెట్టే మాట. ఆ నరాలు నొప్పి చెప్పడమే కాదు, పైపొర మానడానికి కావలసిన పోషణ కూడా అందిస్తాయి. అవి దెబ్బతింటే స్పర్శ తగ్గుతుంది, స్పర్శ తగ్గిన కార్నియా మీద పుండు పడినా తెలియదు, తెలిసేసరికి పువ్వు పడుతుంది. శుక్లమైతే ఆపరేషన్‌తో పోయేది. పువ్వు పడ్డ కంటికి ఎంత మంచి లెన్స్ పెట్టినా ముందు అద్దమే మసక, అప్పుడు ఎవరో చనిపోయినవాళ్లు దానం చేసిన కార్నియా కోసం ఎదురుచూడాలి.

పెద్దమ్మ నాలుగు రోజులే వేసుకుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే పైపొర గీసుకుపోయిందని, మానేదాకా శుక్లం ఆపరేషన్ వాయిదా అని చెప్పారు. ఇంటికొచ్చాక ఆవిడ అడిగింది, "తేనె మంచిదే కదరా?" అని. మంచిదే పెద్దమ్మా, దోసెలో వేసుకో అన్నాను.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, శుభ్రమైన నీళ్లతో బాగా కడుక్కుని ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించుకోండి. దారిలో మందుల షాపులో మాత్రం ఎర్రదనం పోయే చుక్కలివ్వమని అడగొద్దు, వాళ్లు స్టెరాయిడ్ చేతిలో పెడితే పుండు ఇంకా ముదురుతుంది.